కథకు నాలుగు హద్దులు

సభకు నమస్కారం.

చుట్టూ ఇన్ని పుస్తకాల దుకాణాలు ఉండగా వాటిని వదిలి ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. మీ అందరికీ కృతజ్ఞతలు. సొంత డబ్బుతో పుస్తకాలు వేసుకునే రచయితలకు ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది, వాళ్లు ఎలా రాస్తారు అన్నది నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం. అందరి తరఫునా మాట్లాడే అర్హత నాకు లేదు. నా సంగతి చెబుతాను. ఇప్పటికి నాలుగు పుస్తకాలు వేశాను. మొదటి పుస్తకంలో చేసిన ఒక తప్పు గురించి ఎక్కువసేపు చెబుతాను. రాయడం నాకు నేర్పింది ఆ తప్పే.

నేను దస్తావేజు లేఖరిని. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట వేపచెట్టు కింద మొదట మా నాన్నగారు కూర్చునేవారు. ఇంటర్మీడియట్ అయ్యాక, 1988లో, ఆయన పక్కన నేను కూర్చున్నాను. మా ఊళ్లో దస్తావేజులు రాసేవాళ్లను 'రైటరు గారూ' అని పిలుస్తారు. ఒక్క కథ కూడా రాయకముందే పాతికేళ్లు ఆ పిలుపు విన్నాను. అప్పట్లో అంతా చేతిరాతే. మేము స్టాంపు కాగితం మీద రాసి ఇస్తే, లోపల గుమాస్తాలు దాన్ని పెద్ద పెద్ద పుస్తకాల్లోకి మళ్లీ చేత్తో ఎత్తి రాసేవారు. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కంప్యూటర్లు రావడం మొదలయ్యాక ఆ పుస్తకాలు మెల్లగా మూతపడ్డాయి. దస్తావేజులోని మాటలు మాత్రం మారలేదు.

ఆ మాటలు మీకు ఒకసారి వినిపించాలి. 'నా కుటుంబ ఖర్చుల నిమిత్తమున్నూ, ఋణములు తీర్చుకొను నిమిత్తమున్నూ, ఈ దిగువ షెడ్యూలు భూమిని మీకు విక్రయించియున్నాను. మీరున్నూ మీ వారసులున్నూ పుత్రపౌత్ర పారంపర్యముగా, దాన వినిమయ విక్రయాది సర్వ స్వాతంత్ర్య హక్కులతో అనుభవించుకొనగలరు.' అమ్మేవాడు ఎవడైనా ఈ వాక్యాలు ఇవే. కూతురి పెళ్లికి అమ్మినా, కొడుకు ఆపరేషనుకు అమ్మినా, పేకాటలో పోగొట్టుకుని అమ్మినా, 'కుటుంబ ఖర్చుల నిమిత్తం' అనే రాస్తాం. చట్టానికి అంతకు మించి అక్కర లేదు. అలా రాయడంలో ఒక మర్యాద కూడా ఉంది. మనిషి ఎందుకు అమ్ముకుంటున్నాడో కాగితం ఊరంతటికీ చెప్పదు.

నా ప్రేరణ ఎక్కడిదని అడిగితే ఆ ఒక్క ముక్కనే చూపిస్తాను. 'కుటుంబ ఖర్చుల నిమిత్తం.' నా చేతులతో వేల సార్లు రాశాను. రాసిన ప్రతిసారీ ఆ మాట వెనక ఒక మనిషి నిలబడి ఉంటాడు. నా ఎదురుగా బల్ల మీద కూర్చుని, టీ గ్లాసు పట్టుకుని, తాగకుండా చల్లారబెట్టేసుకుంటూ ఉంటాడు.

అయితే ప్రతి కష్టం కథ కాదు. ఈ సంగతి అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదట్లో ఎవరు కన్నీళ్లు పెట్టుకుంటే వాళ్ల గురించి రాయాలని ఉండేది. ఇంటికి వచ్చి రాస్తే నాలుగు పేజీల్లో అయిపోయేది. చదివితే ఏమీ ఉండేది కాదు. జాలి ఉండేది, అంతే. వందల దస్తావేజులు రాస్తే ఎప్పుడో ఒకసారి, వచ్చిన మనిషి ఆ మూసలో ఇమడని మాట ఒకటి అంటాడు. సంబంధం లేనట్టు అంటాడు. నేను కలం ఆపి ఆయన ముఖం వంక చూస్తాను. కథ మొదలయ్యేది అక్కడ.

అలాంటి ఒక మాట చెబుతాను. పేరూ ఊరూ చెప్పను.

ఒక రైతు ఎకరం పది సెంట్ల మాగాణి అమ్ముకోవడానికి వచ్చారు. అప్పటికి అరవై దాటిన మనిషి. ధర కుదిరింది, కొనేవాళ్లు వచ్చారు, సాక్షులు వచ్చారు. నేను షెడ్యూలు రాస్తున్నాను. దస్తావేజులో భూమికి నాలుగు హద్దులు రాయాలి. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని అదే వరుసలో రాస్తాం. తూర్పున పంట కాలువ అన్నారు. దక్షిణాన ఫలానా వారి చేను, పడమర డొంక. 'ఉత్తరం?' అని అడిగాను. 'మా అన్న చేను' అన్నారు. పేరు చెప్పమన్నాను. చెప్పారు. పక్కనున్న సాక్షి 'ఆయన పోయి రెండేళ్లయింది కదా, వదిన గారి పేరు రాయించు' అన్నాడు. రైతు ఒప్పుకోలేదు. 'ఉత్తరం మా అన్నే. రైటరు గారూ, ఆయన పేరే ఉంచండి' అన్నారు. అలా రాయడం కుదరదని మెల్లగా చెప్పి, చివరికి 'కీర్తిశేషులు ఫలానా వారి వారసుల చేను' అని రాశాను. ఆ వరుస రెండుసార్లు చదివించుకున్నారు. అన్న పేరు ఉందని రూఢి చేసుకున్నాక సంతకం పెట్టారు.

ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. పొలం పోతోంది, దాని గురించి ఒక్క మాట లేదు. ఉత్తరం హద్దులో అన్న పేరు కోసం అరగంట వాదించారు. ఆ అన్నదమ్ముల మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. నేను అడగలేదు. అడగకుండా ఊహించి రాశాను.

అది నా మొదటి పుస్తకంలో మూడో కథ. 2016లో వేశాను. జాగ్రత్త పడ్డాననే అనుకున్నాను. పేరు మార్చాను, ఊరు మార్చాను, మాగాణిని నిమ్మతోట చేశాను. చివర్లో ఆయన సంతకం పెడుతూ కాగితం మీద తలవాల్చి ఏడ్చినట్టు రాశాను. ఆ ఏడుపు రాసిన రోజు నాకు కూడా కళ్లు తడిశాయి. కథ పండిందని అనుకున్నాను.

పుస్తకం వచ్చిన ఏడాదికి, సంక్రాంతి ముందు, ఆయన మా వేపచెట్టు కిందికి వచ్చారు. చేతిలో సంచి, సంచిలో నా పుస్తకం. మనవరాలు డిగ్రీ చదువుతోందట, కళాశాల గ్రంథాలయంలో దొరికితే తెచ్చి తాతకు చదివి వినిపించిందట. బల్ల మీద కూర్చున్నారు. నాకు నోట మాట రాలేదు. ఆయనే అన్నారు: 'పేరు మార్చారు, ఊరు మార్చారు. మా అన్న చేను మాత్రం అక్కడే ఉంచారు. ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి నేనేనని తెలిసిపోయింది.'

క్షమించమని అడిగాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు. 'అది కాదు. ఆ రోజు నేను ఏడవలేదు రైటరు గారూ. గేదెకు కుడితి పెట్టే వేళ దాటిపోతోందని తొందరపడ్డాను. మీరు ఏడిపించారు. మా మనవరాలు, తాతా నువ్వు అంతమందిలో ఏడ్చావా అని అడిగింది. లేదంటే నమ్మలేదు. పుస్తకంలో ఉంది కదా అంది.'

'పుస్తకంలో ఉంది కదా.' ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఏం చేయమంటారని అడిగాను. కాసేపు ఆలోచించారు. 'ఏడుపు తీసెయ్యండి. మా అన్న చేను ఉండనివ్వండి' అన్నారు. లేచి వెళ్లిపోయారు. టీ తాగమన్నా ఆగలేదు. గేదె ఎదురు చూస్తుందన్నారు.

రెండో ముద్రణలో ఏడుపు తీసేశాను. ఆ చోట గేదె వచ్చింది, కుడితి వచ్చింది. ఆ కథను మళ్లీ చదివినవాళ్లు ఇదే నయమని అన్నారు. నయమవదా మరి? నేను కల్పించిన దాని కంటే ఆయన బతికిన దానిలో బలం ఉంది. అయినా మొదటి ముద్రణ 300 ప్రతుల్లో అప్పటికే 190 బయటికి వెళ్లిపోయాయి. ఆ 190 చోట్ల ఆ పెద్దాయన ఇంకా ఏడుస్తూనే ఉన్నారు. దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఇది ఇంతసేపు ఎందుకు చెప్పానంటే, సొంతంగా ప్రచురించుకోవడంలో ఉన్న అసలు ప్రమాదం నాకు ఆ రోజే కనబడింది. డబ్బు నష్టం ప్రమాదం కాదు. మనకు 'వద్దు' అనే మనిషి ఉండడు, అదీ ప్రమాదం. పత్రికకు కథ పంపితే సంపాదకులు ఉంటారు. తిప్పి పంపుతారు, కుదించమంటారు, ఇది నమ్మేలా లేదంటారు. మనకు కోపం వస్తుంది. ఆ కోపంలో నుంచే కొన్నిసార్లు మంచి వాక్యం పుడుతుంది. సొంత ప్రచురణలో మనం రాసింది మనమే ఒప్పుకుని, మనమే అచ్చుకు పంపుతాం. 'స్వతంత్ర రచయిత' అన్న మాట నాకు ఇష్టమే. కానీ ఆ స్వాతంత్ర్యంతో పాటు సంపాదకుడి పని కూడా మన నెత్తి మీదికే వస్తుంది. అప్పటి నుంచి నా రాతలో ఆ 'వద్దు'ను ఎక్కడెక్కడ నిలబెట్టాలా అని వెతుక్కుంటూ వచ్చాను. నా రచనా విధానం అంటూ ఉంటే అదే.

మొదటిది, హద్దులు. కథ మొదలుపెట్టే ముందు ఒక తెల్లకాగితం మీద నాలుగు దిక్కులూ రాసుకుంటాను. తూర్పున, ఈ కథ ఏ క్షణంలో మొదలవుతుంది. దక్షిణాన, ఎవరి గొంతుతో వినబడుతుంది. పడమర, ఎక్కడ ఆగుతుంది. ఉత్తరాన, ఈ కథలో నేను చెప్పకూడనిది ఏమిటి. మొదటి మూడూ గంటలో తేలిపోవచ్చు. నాలుగోది నెలలు పడుతుంది. ఎవరి బతుకులో నుంచి తీసుకున్నానో ఆ మనిషికి మాత్రమే చెందిన ముక్క ఒకటి ప్రతి కథలో ఉంటుంది. అది ఏదో తెలియకుండా కథ ముట్టుకోకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. కొన్నిసార్లు ఆ ముక్క తీసేస్తే కథే మిగలదు. అప్పుడు ఆ కాగితం మడిచి పెట్టెలో పెట్టేస్తాను. పెట్టెలో ఇప్పుడు పదకొండు ఉన్నాయి.

రెండోది కూడా నా వృత్తి నేర్పిందే. దస్తావేజులో ఒక మాట కొట్టేసినా, వరుసల మధ్య ఒక మాట ఇరికించినా, రాసి ఇచ్చేవారు అక్కడ సంతకమో పొడి అక్షరాలో పెట్టాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 20వ సెక్షను అది. కొట్టివేతకు ఒక మనిషి జవాబుదారీ కావాలని దాని ఉద్దేశం. నేను కథను ఇప్పటికీ చేత్తోనే రాస్తాను, పొడుగు దస్తా కాగితం మీద, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. రెండో ప్రతిలో ఏది కొట్టేసినా పక్క మార్జిన్‌లో నా పొడి అక్షరాలు పెట్టి, ఎందుకు కొట్టేశానో రెండు ముక్కలు రాస్తాను. 'అబద్ధం.' 'ఇది వాడి మాట కాదు, నాది.' 'అందంగా ఉంది, అవసరం లేదు.' ఒక కథ మార్జిన్‌లో 'అబద్ధం' అనే మాట తొమ్మిది సార్లు వచ్చింది. ఆ కథను మళ్లీ మొదటి నుంచి రాశాను.

ఇందులో నాకు గురువు గురజాడ అప్పారావు గారు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శించారు, 1897లో పుస్తకంగా వచ్చింది. మెప్పు కూడా వచ్చింది. అక్కడితో ఆగవచ్చు. ఆయన ఆగలేదు. 1909లో రెండో కూర్పు తెచ్చారు. అయిదు అంకాల నాటకం ఏడు అంకాలైంది. మధురవాణి ఆ మధురవాణి అయింది రెండో కూర్పులోనే. అచ్చయి, ఆడి, పేరు తెచ్చుకున్న రచనను పన్నెండేళ్ల తరవాత దాదాపు కొత్తగా రాయడం ఎంత ధైర్యమో ఆలోచించండి. మనలో చాలామంది అచ్చుతప్పులు దిద్దడాన్నే రెండో ముద్రణ అంటున్నాం. మీ ఇళ్లలో రెండు కూర్పులూ ఉంటే పక్కపక్కన పెట్టుకుని ఒక్క అంకం చదవండి. రాయడం గురించి ఏ ఉపన్యాసమూ అంత చెప్పదు.

మూడోది, చదివి వినిపించడం. రాసి ఇచ్చే మనిషికి చదువు వచ్చినా రాకపోయినా దస్తావేజును చదివి వినిపించాలని మా నాన్నగారి పట్టుదల. 'చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని' అని కాగితంలో రాసేవారు. రాసినందుకైనా చదివి తీరాలనేవారు. నా కథలన్నీ మా అక్కయ్యకు చదివి వినిపిస్తాను. ఆమె అయిదో తరగతితో బడి మానేసింది. విమర్శ చెయ్యదు. బాగుంది, బాగాలేదు అని ఒక్కసారి కూడా అనలేదు. చదువుతూ ఉండగా లేచి, పొయ్యి మీద పాలు చూసి వస్తానని వెళుతుంది. ఆమె ఎక్కడ లేచిందో ఆ పేరా పక్కన గీత పెట్టుకుంటాను. ఇన్నేళ్లలో ఆమె లేచిన చోటు తప్పయిన సందర్భం నాకు గుర్తు లేదు. వర్ణన ఎక్కువైన చోట లేస్తుంది. పాత్రలు మాట్లాడుకోవలసిన చోట నేను మాట్లాడితే లేస్తుంది. ఒక కథలో చావు వచ్చింది, అక్కడ కూడా లేచి వెళ్లింది. చావు కూడా ఆమెను కూర్చోబెట్టలేకపోయిందంటే లోపం నాదే.

ఫోనుల్లో రోజుకో భాగం చొప్పున ధారావాహికలు రాస్తున్న యువతీయువకులు ఈ సభలో చాలామంది ఉన్నారని తెలుసు. ప్రతిలిపి లాంటి వేదికల మీద మీకు రాసిన గంటలోనే పాఠకుల మాట వినబడుతుంది. మా తరానికి లేని అదృష్టం అది. రోజూ రాసే అలవాటు కూడా గొప్పదే. ఒక్క విన్నపం. దాన్ని పుస్తకంగా వేసే రోజున, భాగాలన్నీ వరసగా అతికించి అచ్చుకు పంపకండి. రోజుకో భాగం చదివేవారికి ప్రతి భాగం చివరా ఒక కుదుపు కావాలి. పుస్తకం ఒక్క బిగిన చదివేవారికి ఆ కుదుపులే అలసట. మళ్లీ రాయండి.

ఇక అచ్చు సంగతి. చాలామంది ఇది రచనా విధానంలో భాగం కాదనుకుంటారు. నా దృష్టిలో ముమ్మాటికీ భాగమే. నా కథలు మా అబ్బాయి, ఇప్పుడు ఫోన్లలో కంప్యూటర్లలో అందరూ వాడే యూనికోడ్‌లో టైపు చేస్తాడు. అచ్చుకు వెళ్లేచోట చాలా ఏళ్లుగా అను అనే పాత రకం తెలుగు ఫాంట్లలో, పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో పని నడుస్తూ వచ్చింది. ఇప్పుడు యూనికోడ్‌తోనే పుస్తకం కట్టేవారు పెరుగుతున్నారు కానీ పాత పద్ధతి పూర్తిగా పోలేదు. యూనికోడ్ నుంచి అను ఫాంట్లకు మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి. నా రెండో పుస్తకంలో నాయిక పేరు లక్ష్మి. మార్చిన ప్రతిలో 'క్ష' కింద 'మ' ఒత్తు ఎగిరిపోయింది. 41 చోట్ల ఆమె లక్షి అయింది. మొదటి ప్రూఫులో నేను ఒక్కచోట కూడా పట్టుకోలేదు. నాకు ఆ పేరు తెలుసు కాబట్టి కన్ను దాన్ని సరిచేసుకుని చదివేసింది. పట్టుకున్నది ఒక విశ్రాంత తెలుగు పండితులు, కథ ముందుగా తెలియని మనిషి. అందుకే చెబుతున్నాను, మీ ప్రూఫు మీరు చూసుకోండి, కానీ మీరొక్కరే చూడకండి. ఇంకో చిట్కా, ఆయన చెప్పిందే: చివరి పేజీ నుంచి మొదటి పేజీకి వెనక్కి చదవండి. కథ మిమ్మల్ని లాక్కుపోకుండా ఉంటుంది.

ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితాన్ని ఫారం అంటారు. డెమీ అనే పుస్తకం సైజులో ఒక ఫారానికి పదహారు పేజీలు. 160 పేజీల పుస్తకమంటే సరిగ్గా పది ఫారాలు. మీ కథలు 163 పేజీలు వచ్చాయనుకోండి, పదకొండో ఫారం మొదలవుతుంది, కాగితం ఖర్చు పెరుగుతుంది. నా మూడో పుస్తకంలో ఆ మూడు పేజీలు తగ్గించడానికి కూర్చుని అయిదు పేజీలు కొట్టేశాను. ఆ అయిదింటిలో ఒక్కటీ లేని లోటు ఎవరికీ కనబడలేదు. అప్పటి నుంచి ఫారాన్ని కూడా నా సంపాదకుల్లో ఒకరిగా లెక్కపెడుతున్నాను.

సొంతంగా వేసుకుంటే మీరే ప్రచురణకర్తలు. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకం గుర్తింపు సంఖ్య. దాని కోసం ఎవరికీ డబ్బు కట్టవలసిన పని లేదు. కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది. అలాగే 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చట్టం చెప్పిన మరి కొన్ని గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. చాలామంది స్వతంత్ర రచయితలు ఇది పంపరు. పంపండి. మన తరవాత ఎప్పుడో ఎవరో వెతికితే మన పుస్తకం ఒక్క ప్రతి అయినా ఎక్కడో ఒక అరలో ఉండాలి కదా. ఇంకో మాట, 'మీ పుస్తకం మేమే వేస్తాం, ఇంత కట్టండి, దేశమంతా అమ్ముతాం' అనే సంస్థలతో జాగ్రత్త. ఒప్పందం చదవకుండా సంతకం పెట్టకండి. ముప్పై ఏడేళ్లు జనం చేత సంతకాలు పెట్టించినవాడిగా చెబుతున్నాను, సంతకం పెట్టాక ఎవరూ మీకు చదివి వినిపించరు.

అమ్మకం దగ్గర చాలామంది నిరాశపడతారు. నా లెక్క చెబుతాను. మూడో పుస్తకం ఒక్కో ప్రతికి 95 రూపాయలు ఖర్చయింది. ధర 180 పెట్టాను. దుకాణానికి 40 శాతం పోతే నా చేతికి 108. ప్రతికి పదమూడు రూపాయలు మిగలాలి, అదీ అన్నీ అమ్ముడై, అందరూ డబ్బిస్తే. సమీక్షలకు, స్నేహితులకు ఇచ్చినవి తీసేస్తే ఏమీ మిగలలేదు. అయినా పుస్తకాన్ని స్వయంగా మోసుకెళ్లి అమ్మడం చిన్నతనం కాదు. సికింద్రాబాదులో 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. నిజాం పాలనలో తెలుగు పుస్తకం అమ్మడమే ఒక ఉద్యమం. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఎవరో వచ్చి వేస్తారని ఎదురు చూసి ఉంటే అది వచ్చేదా? సొంత ప్రచురణను రెండో రకం పనిగా చూసేవాళ్లకు ఈ రెండు పేర్లూ చెబుతూ ఉంటాను.

నేను ఎక్కువ ప్రతులు పోస్టులోనే పంపుతాను. తపాలా శాఖ 2024 డిసెంబరులో పుస్తకాలకున్న చౌక రిజిస్టర్డ్ సేవను ఆపేసినప్పుడు నాలాంటివాళ్లకు చెయ్యి విరిగినట్టయింది. పుస్తకం ధరలో సగం పోస్టుకే పెట్టాలంటే ఎవరు కొంటారు? 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్త సేవ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. నా పుస్తకం ఆ తూకంలో సరిపోతుంది. ప్రతి పొట్లం మీదా చిరునామా నేనే నా చేత్తో రాస్తాను. దస్తావేజు రాత చూసి కొందరు పాఠకులు తిరిగి ఉత్తరం రాస్తారు.

ఇప్పుడే ఒక చీటీ వచ్చింది. ఒక అమ్మాయి అడుగుతోంది: 'ప్రతి ఒక్కరినీ అనుమతి అడుగుతూ పోతే మీరు కథలు ఎలా రాస్తారు? ఒప్పుకోకపోతే ఏం చేస్తారు?'

మంచి ప్రశ్న తల్లీ. అందరినీ అడగను. కథ వాళ్ల నుంచి ఎంత దూరం వచ్చిందన్నదాన్ని బట్టి అడుగుతాను. ఒక మాట తీసుకుని మిగతాదంతా నేను కట్టినప్పుడు అడగను. బతుకంతా తీసుకున్నప్పుడు అడుగుతాను. ఒప్పుకోకపోతే, ఇందాక చెప్పిన ఆ పెట్టెలో పెట్టేస్తాను.

ఇప్పుడు రాస్తున్నది నవల. ఒకావిడ, భర్త పోయాక తనకు వచ్చిన రెండెకరాలు కొడుకుల పేర రాసి ఇచ్చి, ఆ సాయంత్రమే నా దగ్గరికి ఒంటరిగా తిరిగి వచ్చి, 'ఆ కాగితంలో నా పేరు ఎన్నిసార్లు వచ్చింది?' అని అడిగారు. లెక్కపెట్టి ఆరుసార్లని చెప్పాను. 'చాలు' అని వెళ్లారు. అది జరిగి తొమ్మిదేళ్లు. ఆ 'చాలు' నన్ను వదలలేదు. రెండేళ్లుగా రాస్తున్నాను, 140 పేజీలయింది. తూర్పు, దక్షిణం, పడమర రాసుకున్నాను. ఉత్తరం ఖాళీగా ఉంది. ఆవిడ ఇప్పుడు పెద్ద కొడుకు దగ్గర ఉన్నారు, దీపావళి వెళ్లాక ఊరికి వస్తారని కబురు తెలిసింది. కాగితాలన్నీ పట్టుకెళ్లి చదివి వినిపిస్తాను. రెండు మూడు రోజులు పట్టవచ్చు. పాలు చూసి వస్తానని ఆవిడ లేస్తే ఆగుతాను. తీసెయ్యమన్న ప్రతి చోటా నా పొడి అక్షరాలు పెట్టి, ఆవిడ చేత కూడా పెట్టించుకుంటాను.